గుర్తు లేని నూట అరవై గొర్రెలు

గురువారం పొద్దున అయిదున్నరకే చర్చి ముందున్న ఖాళీ జాగాలో కాలు పెట్టడానికి చోటు లేదు. ఆ ఊళ్లో అంత రద్దీ మామూలుగా క్రిస్మస్ నాడు కనిపిస్తుంది, లేదంటే ఓట్లప్పుడు కనిపిస్తుంది. అప్పుడు వచ్చేది మనుషులు. ఇప్పుడు వచ్చినవి పదహారు వందల గొర్రెలు. ఒకటి అరిస్తే పక్కది ఊరుకోదు కదా, ఆ అరుపుల్లో చెవి దగ్గర చెప్పిన మాట కూడా వినపడటం లేదు.

సుక్కమ్మ కొంగు నడుముకు బిగించి, చేత్తో ఎర్రమట్టి జాజు బకెట్టు పట్టుకుని ఆ గొర్రెల మధ్య నిలబడి ఉంది. యాభై అయిదేళ్ల మనిషి. ఆరేళ్లుగా ఊరి మహిళా సంఘానికి అధ్యక్షురాలు. కలెక్టరు ముందు మైకు పట్టుకుని తడబడకుండా మాట్లాడిన మనిషి. అలాంటామెకు ఆ పొద్దు ఒకచోట కాలు నిలవడం లేదు. గాబరా ఒక పాలు, సంబరం మూడు పాళ్లు.

సంగతి ఏమిటంటే, ఆమె సంఘంలో నలభై మంది ఆడవాళ్లు. వాళ్ల అమ్మానాన్నలకు గుంట భూమి లేదు, ఒకరి చేలో కూలి, ఒకరి కొట్టంలో పేడ ఎత్తుడు, అదే బతుకు. మూడేళ్ల కింద అందరూ కూడబలుక్కుని గొర్రెలు పెట్టుకున్నారు. అవి పెరిగి మూడు వందలయ్యాయి. పోయిన వానాకాలం పారుడు రోగం వచ్చిపడింది. ముక్కులు కారి, నోళ్లు పూసి, పారి పారి ఎక్కడివక్కడ కూలబడ్డాయి. నెల తిరిగేసరికి మిగిలినవి నూట అరవై. ఆ నెలంతా సుక్కమ్మ ఇల్లిల్లూ తిరిగి ఓదార్చింది. తనవి రెండు పోయిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఈ ఏడు మిరుగం కార్తె దగ్గర పడుతుందనగా ఆడవాళ్లంతా ఒక్క మాట మీదికి వచ్చారు.

"వానలు పడకముందే పెబ్బేరు అంగడిల అమ్ముకుందాం సుక్కమ్మా. మళ్ల గా సావులు మేం జూడలేం."

శనివారం అంగడి. బండి కూడా మాట్లాడేసుకున్నారు. సుక్కమ్మ ఆ బండికి అడ్డం పడ్డంత పని చేసింది.

"గురువారం మన గొర్లన్నిటికి సూదులు ఏపిస్త. ఒక్కటంటే ఒక్కటి మిగిలినా శనారం మీతోని నేనే అంగడికొస్త. నా పెద్దరికం గూడ ఆడనే ఇడిసిపెట్టి వస్త," అంది.

అనడమైతే అనేసింది. అలా అనేసేటప్పుడు ఆమె ఎప్పుడూ వెనకా ముందూ చూడదు, అది ఆమె గుణం. ఇంటికి వచ్చాక గానీ తెలిసిరాలేదు, తన సంఘం ఒక్కదానితో అయ్యే పని కాదని. పశువుల దవాఖాన డాక్టరు రఘుపతి అంతకుముందే ఖండితంగా చెప్పాడు. ఊరి గొర్రెలన్నీ ఒకే బీళ్లలో మేస్తాయి, ఒకే తొట్లలో నీళ్లు తాగుతాయి, సగానికి వేసి సగానికి మానేస్తే రోగం పోదు. ఒకే రోజు, అన్నిటికీ వేయాలి. గొర్రెల్ని పట్టేవాళ్లనూ, గుర్తు పెట్టేవాళ్లనూ, నీడనూ, ఐసునూ ఊరివాళ్లే చూసుకోవాలి. తన దగ్గర ఉన్నది ఒక కాంపౌండరు, రెండు సూదులు, లెక్కకు సరిగ్గా పదహారు వందల గొర్రెలకు సరిపోయే మందు. మళ్లీ మందు వచ్చేది వానలు పోయాకే.

అలా మూడు సంఘాలు ఒక గదిలో కూర్చోవలసి వచ్చింది. ఆ గది చర్చి వెనక గది. ఒక పక్క కురుమల గొర్రెల పెంపకందార్ల సంఘం, వాళ్ల పెద్ద మల్లప్ప. ఒక పక్క మహిళా సంఘం. మూడో పక్క చర్చి యువకుల సంఘం, దాని కార్యదర్శి సునీల్, ఇరవై ఆరేళ్లవాడు, కొత్తకోటలో టైర్ల దుకాణంలో పని. ఒకే ఊళ్లో పుట్టి పెరిగిన ఈ ముగ్గురి సంఘాలూ అంతకుముందు ఒక్కసారి కూడా ఎదురెదురుగా కూర్చోలేదు. అసలు కూర్చోకముందే, మూడు సంఘాలూ విడివిడిగా డాక్టరుకు ఫోను చేసి "మా ఊరికి ఎప్పుడొస్తరు సార్" అని అడిగాయి. మూడో ఫోనుకు ఆయన విసుక్కుని, ముందు మీలో మీరు మాట్లాడుకోండయ్యా అని పెట్టేశాడు. అంతకంటే మంచి సలహా ఆయన తన ఉద్యోగంలో ఇంకెప్పుడూ ఇచ్చి ఉండడు.

పనులు పంచుకున్నారు. గొర్రెల్ని తోలడం, పట్టడం కురుమలది. ఐసు, నీళ్లు, గొర్రెలు ఒక్కొక్కటిగా పోవడానికి సందు కట్టడం యువకులది. సందు దేనితో కడతారంటే, చర్చి బెంచీలతో అన్నాడు సునీల్. రెండు వరుసలు ఎదురెదురుగా పెడితే మధ్యలో ఒక్క గొర్రె పట్టేంత దారి. ఆ మాటకు చర్చి పెద్ద దుర్గయ్య గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. చర్చి వార్షికోత్సవం ముందుంది, బెంచీలకు రంగులు వేయిస్తున్నారు. "ఒక్క మరక వడ్డా నువ్వే జవాబు జెప్పాలె," అని సునీల్ దగ్గర మాట తీసుకుని వదిలాడు.

సూది పడిన గొర్రెకు గుర్తు పెట్టే పని ఆడవాళ్లది.

"మా ఇండ్లల్ల జాజు ఉంటది, కడపలకు పూసేది. సూది వడంగనే మెడ మీద ఇంత ఎర్రగ పూస్తం," అంది సుక్కమ్మ.

అందరూ బాగుందన్నారు. సరిగ్గా ఆ సమయానికి మల్లప్ప బెంచీల ఎత్తు గొర్రె దూకకుండా సరిపోతుందా లేదా అని సునీల్‌తో వాదంలో ఉన్నాడు. ఆ వాదం తెగక, ఇద్దరూ లేచి ఒక బెంచీని కొలవడానికి బయటికి పోయారు.

చివరికి ఎవరి గొర్రెలు ముందు అన్న మాట వచ్చింది. మల్లప్ప భార్య గుర్వమ్మ అప్పుడే వచ్చి గోడకు ఆనుకుని, గొంగడి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అరవై అయిదు దాటిన మనిషి. ఊళ్లో ఏ మందతో ఏ మంద కలిసిపోయినా, ఆమె వచ్చి ఏరి విడదీస్తే అదే తీర్పు.

"ముందు మందలు గానియ్యుండ్రి. ఎన్కకు గా ఆడోళ్ల గొర్లు," అంది.

"మాది గూడ మందనే గద అక్కా," అంది సుక్కమ్మ.

"ఇంటికి నాలుగు గొర్లుంటే దాన్ని మంద అంటరా? గొర్లు అంటరు."

ఆ మాటలో కోపం లేదు, ఎగతాళి కూడా లేదు. ఉన్నమాట చెప్పినట్టుగా చెప్పింది. అందుకే సుక్కమ్మకు మరీ గుచ్చుకుంది. అయినా పని చెడగొట్టుకోవడం ఇష్టం లేక, సరే, మేం కడపటనే ఉంటాం అని ఒప్పుకుంది.

ఇక ఆ గురువారం సంగతి. పని ఆరింటికే మొదలైంది కానీ, చూడవలసిన సొగసు ఎనిమిదింటికి వచ్చింది. అప్పటికి అందరి చేతులూ కుదిరాయి. కురుమల పిల్లలు దడిగా కట్టిన వల ఎత్తి పది గొర్రెల్ని లోపలికి తోలడం, యువకులు బెంచీల వెనక నిలబడి అదిలించడం, డాక్టరు వంగి సూది వేయడం, అవతల కొసన సుక్కమ్మ గుడ్డపీలిక జాజులో ముంచి మెడ మీద ఒక్క గీత గీయడం. గొర్రె అటు నుంచి బీట్లోకి ఉరుకుతుంది. ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు. సునీల్ మోటారు సైకిల్ మీద కొత్తకోట పోయి చేపల దుకాణం నుంచి ఐసు తెచ్చాడు, మందు డబ్బాతో పాటు కాంపౌండరుకు కూడా చేపల వాసన పట్టుకుంది. మల్లప్ప ఒక పొట్టేలును కాళ్లు పట్టి లాగబోయి తానే వెల్లకిలా పడ్డాడు. అందరికంటే ముందు నవ్వింది ఆయన సంఘంవాళ్లే. మజ్జిగ ముంతలు ఆ చేతి నుంచి ఈ చేతికి మారుతున్నాయి. ఏ ముంత ఎవరింటిదని ఆ పొద్దు ఎవరూ అడగలేదు.

సుక్కమ్మ భుజం లాగుతున్నా ఆగలేదు. ఇంతమందితో కలిసి చేస్తే పని ఇంత తేలికవుతుందని ఆమెకు తెలియదు. తన సంఘం మీటింగుల్లో కలిసికట్టుగా ఉండాలని వందసార్లు చెప్పి ఉంటుంది. చెప్పడం వేరు, కళ్లతో చూడటం వేరు. ఆమెకు నిజంగానే పాట పాడాలనిపించింది.

పదిన్నరకు మూడు మందలు అయిపోయాయి. పదకొండు వందల నలభై గొర్రెలు. మిగిలింది మల్లప్ప మంద మూడు వందలు, ఆడవాళ్లవి నూట అరవై. ఊపు మీద ఉన్నారు కదా, ఇంకా తొందరగా ముగించేద్దామని డాక్టరు రెండో సందు కూడా కట్టమన్నాడు. సునీల్ ఒక్క క్షణం తటపటాయించి, సరే సార్ అని, చర్చి లోపల మిగిలిన బెంచీలు కూడా మోయించుకొచ్చాడు. అక్కడ కాంపౌండరు సూదికి, సుక్కమ్మ కోడలు శ్రీదేవి గుర్తుకు నిలబడ్డారు. డాక్టరు మిగిలిన అయిదు సీసాల మందూ ఒకేసారి కలిపేశాడు. కలిపిన మందు రెండు గంటలే పనిచేస్తుంది. గంటలో అన్నిటికీ అయిపోతుంది, ఇంకో గంట మిగులుతుందిలే అని నవ్వాడు కూడా.

ఆ మాట అనకుండా ఉండవలసింది.

మొదటి సందుకు గొర్రెలు ఇంకా చేరకముందే, మల్లప్ప మంద రెండో సందులోంచి పోవడం మొదలైంది. అరవై గొర్రెలు దాటాయి. అరవయ్యోది మంద పొట్టేలు, మెలికలు తిరిగిన కొమ్ములవాడు. వాడికి సూది పడిందో లేదో, బీట్లోకి ఉరికాడు, తన మంద వెనకే ఉండిపోయిందని చూసుకున్నాడు, గిర్రున తిరిగి చర్చి గోడ చుట్టూ పరుగెత్తి, వల కింద నుంచి దూరి మళ్లీ తన మందలో కలిశాడు. వాడి వెనకే సూది పడిన మిగిలిన యాభై తొమ్మిదీ.

"కలిసినయి, కలిసినయి," అని ఎవరో అరిచారు.

"ఫికర్ జెయ్యకుండ్రి. గుర్తులు వెట్టినం గద," అంది సుక్కమ్మ నిబ్బరంగా. అందుకే కదా జాజు తెచ్చింది. మెడ మీద ఎర్ర గీత ఉన్నవాటిని ఇవతలికి లాగితే అయిపోతుంది.

వల దగ్గరికి పోయి లోపలికి చూసింది. మూడు వందల నల్ల గొర్రెలు. మూడు వందల మెడల మీద ఎర్ర గీత.

సుక్కమ్మ కోడలిని పిలిచింది.

"ఏమే, గివన్నిటికి ఎప్పుడు వూసినవే?"

"నేను అరవైకే వూసిన అత్తమ్మా. గని అవి వచ్చుడే గుర్తుతోని వచ్చినయి. ఎవ్వలో ముందే సాయం జేసిండ్రనుకున్న. అయినా నువ్వు పుయ్యమన్నవని, ఉన్నదాని మీదనే మళ్ల వూసిన," అంది శ్రీదేవి.

మల్లప్ప తలపాగా తీసి నేలకు కొట్టాడు. "అరే, ఎర్ర గీత మా మంద గుర్తు. మా తాతల కాన్నించి అదే. రాజన్నోళ్లకు చెవిగాటు, ఎల్లయ్యోళ్లకు సున్నం బొట్టు, మాకు జాజు గీత. గిది ఊర్లె తెల్వనిదెవ్వలకు?"

"మాకు తెల్వదు," అంది సుక్కమ్మ.

నిజంగానే తెలియదు. పొద్దుటి నుంచీ మల్లప్ప వల కొసనే ఉన్నాడు, అవతలి కొసన ఏం పూస్తున్నారో చూడలేదు. కురుమలకు చెప్పాలని తోచలేదు, తోచకపోవడం వాళ్లకు సహజం. పుట్టినప్పటి నుంచి చూస్తున్న సంగతిని ఎవరు చెబుతారు? ఆడవాళ్లకు అడగాలని తోచలేదు. గుర్తే లేని గొర్రెలను పెంచుకునేవాళ్లకు గుర్తుల సంగతి ఎక్కడ తోస్తుంది?

డాక్టరు గడియారం చూసుకుని, మందు సీసాలు లెక్కపెట్టాడు. ఆయన ముఖంలో ఇందాకటి నవ్వు లేదు.

"నా దగ్గర నాలుగు వందల గొర్రెలకే మందుంది. ఈ మందలో వేయాల్సినవి రెండు వందల నలభై, మీ ఆడవాళ్లవి నూట అరవై. సరిగ్గా నాలుగు వందలు. రెండోసారి పడితే గొర్రెకు నష్టం లేదు. కానీ ఏది పడిందో తెలియక మూడు వందలకూ వేస్తే చివర్లో అరవై గొర్రెలకు ఉండదు," అన్నాడు.

చివర్లో ఎవరి గొర్రెలో అందరికీ తెలుసు. అరవై గొర్రెలంటే పదిహేను ఇళ్లు. సుక్కమ్మ వెనక నిలబడ్డ ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకామె మెల్లగా, శనివారం బండిని ఖాయం చేసుకుందామని పక్కామెతో అంటోంది. అది సుక్కమ్మకు వినపడింది. తను తెచ్చిన జాజు, తను చెప్పిన చోటు, తను ఇచ్చిన మాట. ఆమెకు ఏడుపు రాలేదు, తన మీద తనకే పట్టరాని కోపం వచ్చింది.

"తడి జాజు సూడుండ్రి," అని వలలోకి దూకి ఒక గొర్రె మెడ తడిమింది. పొడిగా ఉంది. జూన్ నెల ఎండలో జాజు ఆరడానికి రెప్పపాటు చాలు. ఇంకోటి తడిమింది. అదీ పొడే.

"గుర్వమ్మక్కా, నీకు అన్నిటి మొఖాలు ఎరుకే గద. ఏవేవి పోయినయో జెప్పరాదు?"

"మొఖాలైతే ఎరుకే. నేను ఎన్కనించి తోల్తున్న. ముంగట ఏవి వోయినయో నేనెట్ల జూస్త?" అంది గుర్వమ్మ. అని ఊరుకోలేదు. మొగుడి వైపు తిరిగి, "ఇప్పుడైతే నీ మందకు అన్నిటికి ఏపియ్యి అంటున్నరు నీ సంఘపోళ్లు. ఏపిస్తవా?" అని అడిగింది.

మల్లప్ప తలపాగా దులిపి మళ్లీ చుట్టుకుంటూ సుక్కమ్మ వైపు చూడలేకపోయాడు. వేయించుకుంటే తప్పు పట్టేవాళ్లు ఎవరూ లేరు, తన వంతు ముందుంది. వేయించుకోమని చెప్పడానికే నోరు రావడం లేదు. గడియారం పదకొండు దాటింది.

అప్పుడు సునీల్ దగ్గరికి వచ్చాడు. ఇందాకటి నుంచీ వాడు రెండో సందు దగ్గరే, బెంచీలకు వీపు ఆనించకుండా, ఎవరినీ అటు రానీయకుండా తచ్చాడుతున్నాడు.

"పెద్దమ్మా, ఒక మాట జెప్త. దుర్గయ్య తాతకు మాత్రం జెప్పొద్దు."

"ఏందిరా?"

"రెండో సందుల వెట్టిన బెంచీలకు నిన్న మాపే రంగేసినం. కిరసనాయిలు ఎక్కువ గలిపిన. ఇంక ఆరలేదు." వాడు చెయ్యి చూపించాడు. అరచెయ్యి నిండా నీలం. "గొర్లు రాసుకుంట పోతాంటే జూసిన. ఆపితే తాతకు తెలుస్తదని గమ్మునున్న."

సుక్కమ్మ వాడి అరచెయ్యి చూసింది. బెంచీల వైపు చూసింది. లేత నీలం బెంచీలకు పొడవునా నల్ల బొచ్చు అంటుకుని ఉంది. మొదటి సందులోవి పాత బెంచీలు, ఎప్పుడో ఆరినవి. మల్లప్ప మంద తప్ప రెండో సందులోంచి ఇంకే గొర్రే పోలేదు. ఆమె వాడి రెండు బుగ్గలూ పట్టుకుని నెత్తి మీద ముద్దు పెట్టుకున్నంత పని చేసింది.

"ఒరే మల్లప్పన్నా, డొక్కలు తడుముండ్రి. డొక్కలకు నీలమున్నయి సూదులు వడ్డయి," అని అరిచింది. మల్లప్పను ఒరే అన్నానని ఆమెకు ఆ మర్నాటి దాకా గుర్తుకు రాలేదు. ఆయనకూ గుర్తుకు రాలేదు.

నల్ల బొచ్చు మీద నీలం రంగు కంటికి ఆనదు, చేతికి అంటుతుంది. నలభై మంది ఆడవాళ్లు, పాతిక మంది యువకులు, కురుమల ఇళ్లలోని ముసలీ ముతకా, అందరూ వలలోకి దూకారు. చేతిని డొక్కకు రాయడం, అరచెయ్యి తిప్పి చూడటం. నీలం అంటితే కాళ్లు పట్టి బయటికి, అంటకపోతే సందులోకి. దొరికిందంటే దొరికిందని కేకలు. ఒక ముసలాయన తనకు నీలం కనపడదని ప్రతి గొర్రెకూ చెయ్యి రాసి పక్కవాళ్ల ముఖం ముందు పెట్టి చూపిస్తున్నాడు. గుర్వమ్మ వల దగ్గర నిలబడి బయటికి పోయేవాటి ముఖాలను చూసి పేర్లతో లెక్క పెడుతోంది: కుంటిదాని బిడ్డ, సుక్కల మూతిది, కవలల తల్లి. ఇంతలో రెండు సందుల్లోనూ సూదులు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి సూది పడిన ప్రతిదాన్నీ ఇద్దరేసి మనుషులు బీట్లోకి దిగబెట్టి వచ్చారు.

యాభై తొమ్మిది దొరికాయి. అరవయ్యోది లేదు.

వలలో మిగిలిన ప్రతి గొర్రె డొక్కనూ రెండుసార్లు తడిమారు. సమయం పన్నెండుకు అయిదు నిమిషాలు. ఒక్క గొర్రెకు మందు తక్కువ పడుతుంది.

"నాది ఒకటి ఇడిసిపెట్టు సార్," అంది సుక్కమ్మ. అనేటప్పుడు తను ఇచ్చిన మాట గుర్తుంది. ఒక్కటంటే ఒక్కటి మిగిలినా అని అన్నది తనే.

"ఆగవమ్మా జర," అని గుర్వమ్మ వల ఎత్తి లోపలికి వచ్చింది. నేరుగా కొమ్ముల పొట్టేలు దగ్గరికి పోయింది. "గిదంత జేసిందే వీడు, ఆగంల అందరు వీన్నే మరిచిండ్రు. వీడు తలకాయ వంచి ఉరుకుతడు, డొక్క తగలనియ్యడు." వాడి కొమ్ము పట్టుకుని తల తిప్పింది. కొమ్ము మెలికల్లో, లోపల, వేలెడంత నీలం.

అక్కడ లేచిన కేక కొత్తకోట హైవే దాకా వినపడి ఉంటుంది. ఆ కేకకు బెదిరి పొట్టేలు మల్లప్పను మళ్లీ కింద పడేసింది.

ఆఖరున ఆడవాళ్ల గొర్రెలు వచ్చాయి. నూట అరవై. వాటిని పట్టడానికి ఈసారి కురుమలు ఎవరూ పిలవకుండానే వచ్చారు. మల్లప్ప తానే సందు మొదట్లో కూర్చుని ఒక్కొక్కదాన్నీ లోపలికి వదిలాడు. పన్నెండున్నరకు పది నిమిషాలు ఉందనగా, ఆఖరి సూది సుక్కమ్మ సొంత గొర్రెకు పడింది. డాక్టరు ఖాళీ సీసా ఎండకు ఎత్తి చూపించాడు. అందులో చుక్క లేదు.

అప్పుడే దుర్గయ్య వచ్చాడు. బెంచీలు చూశాడు. నీలం పోయి, నలుపు వచ్చి, పెంటికలు అంటి, అవి బెంచీలని ఆయన పోల్చుకోవడానికే కాసేపు పట్టింది. సునీల్ నేల చూపులు చూస్తున్నాడు.

"తాతా, తిట్టేదుంటే నన్ను దిట్టు. గా రంగు ఆరివుంటే మా గొర్లు ఆగమయ్యేవి. రేపు మా సంఘపోళ్లం అందరం వచ్చి బొచ్చు గీకి మళ్ల రంగేస్తం," అంది సుక్కమ్మ.

"మేం గూడ వస్తం. బొచ్చు గీకుడు మాకంటె ఎవ్వలకొస్తది," అన్నాడు మల్లప్ప.

దుర్గయ్య బెంచీ మీద ఒక్క బొచ్చు వెంట్రుకను పీకి, ఎండలో పట్టుకుని చూసి, ఆ బెంచీ మీదే కూర్చున్నాడు. కూర్చున్నాక రంగు సంగతి గుర్తొచ్చింది. అప్పటికే ఆలస్యమైంది.

గుర్వమ్మ మాత్రం ఈ నవ్వుల్లో లేదు. ఆడవాళ్ల గొర్రెల దగ్గర నిలబడి, ఒక్కొక్కదాని మెడనూ చెవినీ చూస్తోంది.

"సుక్కమ్మా, మీ గొర్లకు గుర్తేంది?"

"మాకు గుర్తు లేదక్కా. ఎవ్వలు వెట్టలే. ఎట్ల వెట్టాల్నో మాకు తెల్వదు."

"తెల్వక గాదు. గుర్తు ఎవ్వలంతట వాళ్లు వెట్టుకునేది గాదు. పెద్దోళ్లు జెప్పాలె, మిగిలిన మందలోళ్లు ఒప్పుకోవాలె." గుర్వమ్మ సునీల్‌ను పిలిచింది. "రంగు మిగిలిందా?"

వాడు చర్చిలోకి ఉరికి డబ్బా తెచ్చాడు. అడుగున రెండు గరిటెల నీలం ఉంది. గుర్వమ్మ గొంగడి కొస నుంచి ఒక పోగు తెంపి, వేలికి చుట్టి, రంగులో ముంచింది. సుక్కమ్మ గొర్రె దగ్గర వంగి, తోక పైన, వెడల్పుగా ఒక పట్టీ గీసింది. గీసి, వెనక్కి జరిగి, మిగిలిన మూడు మందల పెద్దల వైపు చూసింది. వాళ్లు తలలూపారు.

"నీలం గీడ ఎవ్వలకు లేదు. ఇయ్యాల్టినించి మీది. ఏ మందల గలిసినా నేనే ఏరి పంపిస్త," అంది.

సుక్కమ్మ ఆ నీలం పట్టీని చూస్తూ నిలబడింది. పోయిన వానాకాలం అంతా అందరి ముందూ దాచుకున్న కన్నీళ్లు ఇప్పుడు ఎవరు చూస్తారన్న పట్టింపు లేకుండా కారిపోయాయి. ఆమె వెనక ఆడవాళ్లు అప్పుడే రంగు డబ్బా చుట్టూ మూగారు. శనివారం బండి మాట్లాడుకున్నామె అందరికంటే ముందు తన గొర్రెను లాక్కొచ్చి, ముందు నాది, ముందు నాది అంటోంది.

గుర్వమ్మ వేలి పోగు దులిపి, గొంగడి భుజాన వేసుకుంది.

"ఎండ ముదుర్తాంది సుక్కమ్మా. నీ మందను తోలుకపో," అంది.

ఎవరి మందను అంటోందో అని సుక్కమ్మ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.